ముందు వెనక్కి తిప్పి చూడండి

ప్రశ్న: మాది తిరుపతి. వయసు 27. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మూడేళ్లుగా యుద్ధ విమానాల సిబ్బంది బట్టల మీద కుట్టుకునే గుడ్డ గుర్తులు, అదే ప్యాచ్‌లు, పోగు చేస్తున్నాను. అందులోనూ నవ్వు పుట్టించేవంటే పిచ్చి. బాతులు, దయ్యాలు, రెక్కలున్న బూట్లు, పైఅధికారుల మీద వెటకారాలు. ఇప్పటికి నలభై దాకా అయ్యాయి. వాటిలో ఎన్ని అసలువో, ఎన్ని నకిలీవో నాకే తెలియదు. ‘జీతంలో సగం గుడ్డపీలికలకి తగలేస్తున్నాడు’ అని నాన్న గోల. చిత్తూరులో మా పెదనాన్న ఉన్నారు. ఎయిర్‌ఫోర్స్‌లో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారు. 1971 యుద్ధమప్పుడు సర్వీసులో ఉన్నారు. ఆయన ట్రంకుపెట్టెలో చేత్తో కుట్టిన ప్యాచ్ ఒకటి కనిపించింది. స్పానర్ పట్టుకుని ఎగురుతున్న దోమ. దాని కథ అడిగితే ‘ఏముండాదిరా దాంట్లో’ అని పెట్టె మూసేశారు. ఆ కథ ఎలా రాబట్టాలి? అసలు ఇంతమంది చచ్చిపోయిన యుద్ధాల మీద జోకులు పోగేసుకోవడం తప్పేమో అన్న అనుమానం కూడా ఈమధ్య పట్టుకుంది.
— ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: ముందు మీ నాన్నగారి సంగతి తేల్చేద్దాం. సైనికుల గుడ్డలు పోగేసే పిచ్చి మీతో మొదలైంది కాదని ఆయనకు చెప్పండి. ఉత్తర గోగ్రహణానికి బృహన్నల రథం కడుతుంటే విరాటరాజు కూతురు ఏమడిగింది? కౌరవుల మేలిబట్టలు తెచ్చిపెట్టమంది, బొమ్మలకు కట్టుకోవడానికి. అర్జునుడు కాదనలేదు. భీష్ముడిని తప్ప అందరినీ మూర్ఛలో పడేసి, ద్రోణుడి తెల్లబట్ట, కర్ణుడి పచ్చబట్ట, దుర్యోధనుడి నీలిబట్ట కోయించి మరీ పట్టుకొచ్చాడు. యుద్ధానికి ముందు ఉత్తరకుమారుడికి దూరం నుంచి జెండాలు చూపించి ఎవరెవరో చెప్పిందీ అక్కడే. బంగారు వేదిక గుర్తు ద్రోణుడిది, పాము గుర్తు దుర్యోధనుడిది, తాటిచెట్టు భీష్ముడిది. ఇవాళ స్క్వాడ్రన్ (విమాన దళం) ప్యాచ్ చేస్తున్నదీ అదే పని. ఇక అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కోతలు కోసి, అసలు సైన్యం కనిపించగానే రథం దూకి పారిపోయిన కుర్రాడు ఉండనే ఉన్నాడు. గుర్తు, గుడ్డ, నవ్వు మూడూ ఒకే కథలో దొరికాయి కదా!

అయితే జీతంలో సగం అన్న మాట దగ్గర మాత్రం నేను నాన్నగారి పక్షమే. ఆరు నెలలు కొనడం ఆపండి. ఆ ఆరు నెలలకూ సరిపడా పని ఇక్కడ చెబుతాను. దానికి ఖర్చు చిత్తూరు బస్సు ఛార్జీ, ఒక నోటుపుస్తకం, ఒక భూతద్దం.

నాదీ ఇదే జబ్బు కాబట్టి నేను మోసపోయిన కథ ముందు చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ విమానాలు అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాలోని కున్‌మింగ్‌కు సరుకు మోసేవి. 1942 నుంచి 1945 దాకా నడిచిందది. వాళ్ల చైనా-బర్మా-ఇండియా విభాగానికి ఒక ప్యాచ్ ఉండేది. డాలు ఆకారం, కింద ఎర్ర-తెల్ల చారలు, పైన నీలంలో చైనా సూర్యుడు, పక్కన భారత నక్షత్రం. అక్కడి కుర్రాళ్లు ఆ విభాగం మూడు ఇంగ్లీషు అక్షరాలకు తమ సొంత అర్థం చెప్పుకునేవారు: ‘కన్ఫ్యూజన్ బియాండ్ ఇమాజినేషన్’ అని. ఊహకందని గందరగోళం అన్నమాట. వాళ్లకు ఈ ప్యాచ్‌లు చాలావరకు కుట్టిపెట్టింది మన బజార్లలోని దర్జీలే. జరీతీగతో, తోలు మీద, ఊలు గుడ్డ మీద. కొన్నింట్లో ఇంగ్లీషు అక్షరాలు తలకిందులుగా ఉంటాయి. పాపం, కుట్టినవాడికి అది అక్షరం కాదు, ఒక ముగ్గు.

అలాంటి జరీ ప్యాచ్ ఒకటి ఆన్‌లైన్లో కనిపించింది. ‘1944 నాటిది, కలకత్తాలో కుట్టినది’ అని అమ్మేవాడి మాట. మంచి ధరే పోశాను. రెండు నెలలు చూసుకుని మురిసిపోయాను. ఒకరోజు మా ఆవిడ జాకెట్టు ఇవ్వడానికి మగ్గం వర్క్ చేసే అతని దగ్గరికి వెళ్తూ, గొప్ప చూపించుకుందామని దాన్ని కూడా తీసుకెళ్లాను. చట్రానికి బిగించిన గుడ్డ మీద వంగి కూర్చున్నాడతను. ప్యాచ్ చేతిలో పెడితే బొమ్మ వైపు చూడనే లేదు. వెంటనే వెనక్కి తిప్పాడు. బొటనవేలి గోటితో అంచు గీకాడు. పలచటి తెల్ల కాగితం పొర ఒకటి పైకి లేచింది.

‘సార్, ఇది మిషన్ కింద పెట్టే కాగితం. పాతపనిలో ఇది వాడరు. తీగ కూడా చూడండి, ఎక్కడా నల్లబడలా. మా అవ్వ పెళ్లిచీర జరీ ఇప్పుడు తారు మాదిరి ఉండాది.’

అంతే. అరనిమిషంలో ఎనభై ఏళ్ల చరిత్ర ఊడి అతని ఒళ్లో పడింది. మా ఆవిడ ఆ రోజంతా ఏమీ అనలేదు, అదింకా కష్టం.

అప్పటినుంచి నాకు బొమ్మ తర్వాత, వీపు ముందు. చేత్తో కుట్టినదైతే వెనక ముడులు, ఒక రంగు నుంచి మరో రంగుకు దూకిన దారాలు, అక్కడక్కడా దిద్దుబాట్లు కనిపిస్తాయి. కంప్యూటర్ మిషన్ మీద కుట్టినదైతే వెనక సన్నటి తెల్లదారం ఒకే వరసలో, బడిపిల్లల ప్రార్థనలా నిలబడి ఉంటుంది. అంచు చూడండి. 1960ల చివరిదాకా అమెరికన్ ప్యాచ్‌ల అంచు ఎక్కువగా కోసి వదిలేసిందే. లావు దారంతో గుండ్రంగా చుట్టిన అంచు ఆ తర్వాతే మామూలైంది. అలాంటి బొద్దు అంచుతో ‘రెండో ప్రపంచ యుద్ధం’ ప్యాచ్ కనిపిస్తే అమ్మేవాడికి ఒక నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇంకో పరీక్ష గాంధీ రోడ్డులో ఏ కొట్లోనైనా చేసుకోవచ్చు. దొంగనోట్లు పట్టడానికి పెట్టుకునే నీలిలైటు కింద ప్యాచ్ పెట్టండి. పాత నూలుదారం మొద్దుగా ఉండిపోతుంది. ఇప్పటి పాలిస్టర్ దారం, తెలుపు మెరుపు కోసం రసాయనం కలిపిన దారం తళుక్కుమంటాయి. అయితే తొందరపడి తీర్పు చెప్పకండి. ఏ మహాతల్లో పాత ప్యాచ్‌ను డిటర్జెంట్‌లో ఉతికి ఆరేసి ఉంటే, ఆ పొడిలోని మెరుపు కూడా పట్టేస్తుంది. మెరిసిందంటే అనుమానించండి, మెరవలేదంటే కొంచెం ఊపిరి పీల్చుకోండి. ఊడిన పోగు దొరికితే అగ్గిపుల్లతో కాల్చి చూడొచ్చు. నూలైతే కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, పాలిస్టరైతే కరిగి ముత్యంలా గట్టిపడుతుంది. ఊడిన పోగు దొరికితేనే సుమా! పరీక్ష కోసం పీకొద్దు.

వియత్నాం యుద్ధం ప్యాచ్‌ల విషయంలో మరీ జాగ్రత్త. హోచిమిన్ నగరంలో డాన్ సిన్ మార్కెట్ అని ఒకటుంది. అమెరికన్ సైనికుల లైటర్లు, మెడబిళ్లలు, ప్యాచ్‌లు కుప్పలుగా అమ్ముతారు. యుద్ధం ముగిసి యాభై ఏళ్లు దాటినా సరుకు తరగకపోవడంలోనే మీకు సమాధానం ఉంది. టీ డికాక్షన్‌లో ముంచి, ఎండలో పెట్టి, రాయికేసి రుద్ది వయసు పెంచడం పాత విద్య. ముక్కుకి దగ్గర పెట్టుకోండి, కొన్ని ఇంకా టీ వాసనే వేస్తాయి.

మీ దగ్గర ‘ఆగ్నేయాసియా యుద్ధక్రీడలు, రెండో బహుమతి’ అని ఇంగ్లీషులో రాసినది ఉండే ఉంటుంది. ఇది పోగుచేసేవాళ్లందరి దగ్గరా ఉంటుంది. ఓడిపోయామని చెప్పడానికి అంతకన్నా వెటకారమైన దారి లేదు. కానీ దానిమీద మొదలైన సంవత్సరంతో పాటు ముగిసిన సంవత్సరం కూడా ఉంటే, అది యుద్ధం మధ్యలో పుట్టింది కాదు. ఏ బిడ్డా చనిపోయే తేదీ నుదుటన రాసుకుని పుట్టదు కదా. అంతమాత్రాన పారేయక్కర్లేదు. ‘తర్వాత కుట్టినది’ అని పక్కన రాసుకోండి. నకిలీని అసలని రాయడమే తప్పు.

ఇప్పుడు నవ్వు సంగతి. ఇది పెద్ద ప్రశ్న, కాస్త ఓపిగ్గా చూద్దాం.

మన చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ తిరునాళ్లు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఎంత ఘోరమైన ఘట్టమైనా మధ్యలో బఫూన్ వచ్చి, రాజుగారి కిరీటం మీద, ఊరి సర్పంచి మీద నాలుగు విసుర్లు విసిరి వెళ్తాడు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క చేసేదీ అదే. అది చూసి మనవాళ్లు ఎవరూ కథను ఎగతాళి చేశారనుకోలేదు. ఆ నాలుగు విసుర్లు లేకపోతే తెల్లారేదాకా కూర్చోలేమని అందరికీ తెలుసు. విమానాల కుర్రాళ్లూ రేపు సాయంత్రానికి తిరిగి వస్తామో లేదో తెలియని వాళ్లే. వాళ్లకు బఫూన్‌ను ఎవరూ పంపలేదు కాబట్టి వాళ్లే కుట్టించుకుని భుజానికి తగిలించుకున్నారు.

బ్రిటన్‌లో 1942లో పుట్టిన ‘గోల్డ్‌ఫిష్ క్లబ్’ సంగతి చూడండి. విమానం సముద్రంలో కూలి, రబ్బరు పడవ ఎక్కి బతికి బయటపడ్డవాళ్లే అందులో సభ్యులు. ఆ పడవల్లాంటి రక్షణ సామగ్రి తయారుచేసే కంపెనీలో పనిచేసే చార్లెస్ రాబర్ట్‌సన్ అనే ఆయన దీన్ని మొదలుపెట్టాడు. బ్యాడ్జీ మీద అలలు, వాటిపైన రెక్కలున్న చేప. యుద్ధకాలం నిబంధనల వల్ల లోహంతో గానీ జరీతీగతో గానీ బ్యాడ్జీలు చేయడానికి వీల్లేదు. దాంతో పట్టుదారంతో నల్లగుడ్డ మీద కుట్టాలనుకున్నారు. నల్లగుడ్డ ఎక్కడ? లండన్‌లో ఒక దినపత్రిక కాలమిస్టు పాఠకులను అడిగితే, వాళ్లు తమ పాత డిన్నర్ సూట్లు పంపించారు. ఒకప్పుడు విందుల్లో డాన్సులాడిన కోట్లు ముక్కలై, సముద్రంలో మునిగి తేలిన కుర్రాళ్ల గుర్తులయ్యాయి. యూనిఫాం మీద పెట్టుకోవడానికి రూల్సు ఒప్పుకోవు. అందుకని చాలామంది ఎడమ జేబు మూత లోపలివైపు కుట్టుకున్నారు. మూత ఎత్తితే చేప, దించితే క్రమశిక్షణ. ఈ ప్యాచ్‌లన్నింటిలో నాకు బాగా నచ్చిందేదంటే ఇదే చెబుతాను. పత్రికలో రాసేవాడిని కాబట్టి పాఠకులు కోట్లు పంపిన ముచ్చట నన్ను ఇంకొంచెం కదిలిస్తుంది. మీరేమీ పంపనక్కర్లేదు లెండి.

మీ రెక్కలున్న బూటు కూడా ఆ కుదురులోదే. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో విమానం కూలిపోయి, శత్రువు ప్రాంతం నుంచి ఇసుకలో నడుచుకుంటూ తిరిగొచ్చినవాళ్ల ‘ఆలస్యంగా వచ్చినవారి క్లబ్’ అది, 1941 నాటిది. ఆఫీసుకు లేటైతే మనం సంజాయిషీ రాస్తాం. వాళ్లు బ్యాడ్జీ వేసుకున్నారు.

పారాచూట్‌తో దూకి బతికినవాళ్ల క్లబ్‌కు గొంగళిపురుగు గుర్తు. ఇది ప్యాచ్ కంటే పిన్నుగానే ప్రసిద్ధం. 1922లో మొదలైంది. పారాచూట్ తయారీదారు లెస్లీ ఇర్విన్ కంపెనీ బంగారు పురుగు పిన్నులు ఇచ్చేది. పురుగు ఎందుకంటే పారాచూట్ పట్టుగుడ్డ కాబట్టి. పలమనేరు, కుప్పం వైపు మల్బరీ ఆకు వేసి పట్టుపురుగులు పెంచే ఇళ్లల్లో వాళ్లకు ఈ జోకు చెప్పి చూడండి. మనకు విడమరచి చెప్పాలి గానీ, వాళ్లకు అక్కర్లేదు.

అన్నిటికన్నా చేదైన నవ్వు ‘గినీ పిగ్ క్లబ్’ది. ఒళ్లు కాలిపోయిన వైమానికులకు ఇంగ్లాండులోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆస్పత్రిలో ఆర్చిబాల్డ్ మెకిండో అనే సర్జన్ కొత్త కొత్త పద్ధతుల్లో ముఖాలు, చేతులు తిరిగి నిర్మించాడు. ఒక్కొక్కరికి పదులకొద్దీ ఆపరేషన్లు. ‘మనం ప్రయోగశాల జంతువులం’ అని వాళ్లే పేరు పెట్టుకుని 1941లో క్లబ్ కట్టారు, రెక్కలున్న గినీ పిగ్‌ను గుర్తుగా పెట్టుకున్నారు. కాళ్లు కాలినవాడిని కోశాధికారిని చేశారట, డబ్బుతో పారిపోలేడని. వేళ్లు కాలినవాడిని కార్యదర్శిని చేశారట, మీటింగు వివరాలు పొడుగ్గా రాయలేడని. యుద్ధం ముగిసేసరికి సభ్యులు 649 మంది. దీన్ని చూసి నవ్వు రాకపోతే వాళ్లకు అవమానం, నవ్వి ఊరుకుంటే మనకు.

వియత్నాం నాటి అమెరికన్ ప్యాచ్‌లలో ఇంకో రకం నవ్వుంది. తిట్టును తలకెత్తుకోవడం. ఉత్తర వియత్నాం ప్రచారంలో బాంబులేసే పైలట్లను ‘యాంకీ ఆకాశ దొంగలు’ అని తిట్టేవారు. వీళ్లు ‘యాంకీ ఎయిర్ పైరేట్’ అని ప్యాచ్ కుట్టించుకుని ఊరేగారు. మన ఊళ్లల్లో వెక్కిరింపుగా తగిలించిన పేరు మూడో తరానికి ఇంటిపేరైపోవడం చూడలేదా? అలాగే అక్కడి సముద్రంలో ఉన్న ఏడో నౌకాదళంవాళ్లు తమను ‘టాంకిన్ గల్ఫ్ యాట్ క్లబ్’ అని పిలుచుకున్నారు, షికారుకు వచ్చిన షావుకార్లలాగా.

ఇక శత్రువు క్షిపణుల రాడార్లను వెతికి కొట్టడానికి 1965లో ‘వైల్డ్ వీజిల్’ దళాలు పెట్టారు. పనేమిటంటే, ముందు మనమే ఎరగా వెళ్లాలి. వాడు రాడార్ వేస్తాడు, క్షిపణి కూడా వదలొచ్చు. అప్పుడు వాడెక్కడున్నాడో తెలుస్తుంది, కొట్టాలి. ఈ పని వివరించినప్పుడు జాక్ డోనవన్ అనే అధికారి అన్న మాటను ఐదు ఇంగ్లీషు అక్షరాలుగా కుదించి ప్యాచ్ మీద కుట్టారు. మర్యాదైన తెలుగులో ‘నాతో పరాచికాలా?’ అని. మర్యాద లేని తెలుగు మీకు తెలుసు, మీది తిరుపతే కదా.

మీ బాతుల సంగతి ఒక్క ముక్క: రెండో ప్రపంచ యుద్ధంలో డిస్నీ స్టూడియో సైనిక దళాలకు ఉచితంగా గీసిచ్చిన గుర్తులు దాదాపు 1200. అందరూ ఎక్కువగా అడిగింది డొనాల్డ్ డక్‌నే. కోపిష్టి, నోటిదురుసు, ఎప్పుడూ దెబ్బలు తినేవాడు. సిపాయికి అంతకన్నా దగ్గరి చుట్టం ఎవరు? మీ దయ్యం మీద పెద్ద టోపీ, కప్పుకున్న దుప్పటి ఉంటే అది ఎఫ్-4 ఫాంటమ్ విమానం తాలూకు ‘స్పూక్’. తయారీ కంపెనీలోనే బొమ్మలు గీసే ఆంథొనీ వాంగ్ సృష్టి అది.

ఇవన్నీ తమ భయాన్ని, తమ ఓటమిని, తమ పైవాళ్లను చూసి నవ్విన నవ్వులు. నాకు వీటితో పేచీ లేదు. పేచీ ఉన్నవి వేరే ఉన్నాయి. అమెరికాలో అడవుల శాఖకు ఒక ఎలుగుబంటి బొమ్మతో ప్రచార వాక్యం ఉంది: అడవి మంటలను ఆపగలిగేది మీరే అని. మన ఘాట్ రోడ్డులో అటవీశాఖ బోర్డుల్లాంటిదే. వియత్నాంలో 1962 నుంచి 1971 దాకా ‘ఆపరేషన్ రాంచ్ హ్యాండ్’ పేరుతో విమానాల నుంచి ఏడు కోట్ల లీటర్లకు పైగా రసాయనం చల్లి అడవులను మాడ్చారు. ఏజెంట్ ఆరెంజ్ అందులోదే. ఆ సిబ్బంది ఎలుగుబంటి వాక్యంలోంచి ‘మంటలు’ అన్న ఒక్క మాట తీసేశారు. ‘అడవులను ఆపగలిగేది మీరే.’ మాటల పనితనంగా చూస్తే ఇంత పదునైన జోకు ఈ రంగంలో ఇంకోటి లేదు. కానీ శేషాచలంలో కార్చిచ్చు రేగిన రాత్రి కొండ మీద ఎర్రటి గీతను చూసిన ఊరివాళ్లం మనం. ఆ జోకు కింద ఎవరున్నారో మర్చిపోలేం. అక్కడి పిల్లల్లో, ఆ రసాయనం చల్లిన సిబ్బందిలో కూడా, దాని జబ్బులు ఏళ్ల తరబడి తేలుతూ వచ్చాయి.

నేనైతే అలాంటివి ఉంచుకుంటాను గానీ గోడకు తగిలించను. పెట్టెలో, కథ రాసిన కాగితంతో కలిపి పెడతాను. బాంబు కింద ఉన్నవాడిని చూసి నవ్వేది, చంపినవాళ్ల లెక్క చెప్పి నవ్వేది ఎదురైతే ‘ఇది ఎవరికి నవ్వు?’ అని అడుక్కుని, కొనాలో వద్దో మీరే తేల్చుకోండి. మీకు అనుమానం వచ్చిందంటేనే సగం దారి వచ్చేశారు.

మరో చిక్కు: ప్యాచ్ చెప్పేది సాక్ష్యం కాదు, ఆ దళంవాళ్ల మాట. 2019 ఫిబ్రవరి 27న జరిగిన ఆకాశ పోరాటం తర్వాత మన 51వ స్క్వాడ్రన్ మిగ్-21 వాళ్లు ‘ఫాల్కన్ స్లేయర్స్’ అని ప్యాచ్ వేసుకున్నారు. ఫాల్కన్ అంటే పాకిస్తాన్ దగ్గరున్న ఎఫ్-16, స్లేయర్ అంటే చంపేవాడు. సుఖోయ్ వాళ్లది ‘ఆమ్రామ్ డాడ్జర్స్’. శత్రువు వదిలిన ఆమ్రామ్ క్షిపణుల్ని తప్పించుకున్నామని చెప్పుకోవడం, కబడ్డీలో కూతకొచ్చినవాడి చేతికి చిక్కకుండా పక్కకి జరిగినట్టు. ఎఫ్-16 కూలిందని మనం అంటాం, కూలలేదని పాకిస్తాన్ అంటుంది. మీ పుస్తకంలో రెండూ రాయండి. ప్యాచ్ విలువ దానివల్ల తగ్గదు.

ఇవి కొనుక్కుని జాకెట్‌కు కుట్టించుకుని తిరిగే కుర్రాళ్లు ఎక్కువయ్యారు. మన సైనికుడినని జనం నమ్మాలన్న ఉద్దేశంతో అలాంటి బట్టలు, గుర్తులు ధరిస్తే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు గానీ, రెండు వేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. సరదాకి వేసుకోవడం వేరే సంగతే గానీ, అలా వేసుకుని కంటోన్మెంటు గేటు దగ్గర సెల్ఫీలు మాత్రం వద్దు. ఇప్పుడు సర్వీసులో ఉన్నవాళ్ల పేరున్న ప్యాచ్‌లను ఫోటో తీసి నలుగురికీ పంపడం కూడా మంచిది కాదు.

దాచే పద్ధతి క్లుప్తంగా చెప్తాను. ఉతకొద్దు, ఇస్త్రీ చేయొద్దు, జిగురు ఆల్బమ్‌లో అంటించొద్దు, లామినేషన్ అసలే వద్దు. తెల్లని పాత నూలుగుడ్డ ఉతికి ఆరబెట్టి, ఒక్కోదాన్ని విడిగా చుట్టి పెట్టండి. మన ఎండలకు అటక మీద పెట్టారంటే అప్పడాలవుతాయి. వేపాకు వేయొచ్చు, కానీ ప్యాచ్‌కు తగలకుండా.

ఇక మీ పెదనాన్నగారి దోమ. ఇన్ని చెప్పింది దీనికోసమే.

1971లో మన వైమానిక దళంలో గ్నాట్ అనే బుల్లి విమానం ఉండేది. రెక్కల కొస నుంచి కొసకు ఏడు మీటర్లు కూడా లేదు. బ్రిటిష్ డిజైన్, బెంగళూరులో మన ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్ తయారుచేసేది. గ్నాట్ అంటే ఇంగ్లీషులో కుట్టే చిన్న పురుగు, మన దోమకు తమ్ముడు. 1965లోనే పాకిస్తాన్ సాబర్ జెట్లను కూల్చి ‘సాబర్ స్లేయర్’ అని పేరు తెచ్చుకుంది. 1971 నవంబర్ 22న బెంగాల్ సరిహద్దులోని బోయ్రా దగ్గర 22వ స్క్వాడ్రన్‌కు చెందిన నాలుగు గ్నాట్‌లు సాబర్ల మీదికి వెళ్లాయి. పారాచూట్‌తో దిగి మనకు పట్టుబడిన పాకిస్తాన్ పైలట్లలో ఒకాయన తర్వాత వాళ్ల వైమానిక దళానికి అధిపతి కూడా అయ్యాడు. ఇదంతా పైలట్ల కథ. అదే విమానానికి తుపాకులు మొరాయించేవి, తోక అదుపులో తంటాలు వచ్చేవి. వాటిని రాత్రంతా విప్పి బిగించినవాళ్ల చేతిలో ఉండేది స్పానరే.

మీ పెదనాన్నగారు గ్నాట్ మీదే పనిచేశారని నేను చెప్పడం లేదు. ఆ బేస్‌లో దోమలు ఎక్కువగా ఉండి కూడా ఉండొచ్చు! అడగాల్సిన ప్రశ్న ఎక్కడుందో చూపిస్తున్నానంతే.

ఆయన పెట్టె ఎందుకు మూసేశారు? నా ఊహ ఇది. యూనిఫాంలో ఊరికొచ్చినప్పుడల్లా ‘పైలటా?’ అని అడిగి ఉంటారు. కాదు, టెక్నీషియన్‌ని అనగానే ‘ఓహో’ అని మాట మార్చి ఉంటారు. యాభై ఏళ్లుగా ఆ ‘ఓహో’ విన్న మనిషి, ఇప్పుడు మీరు ‘కథ చెప్పు పెదనాన్నా’ అంటే ఏం చెప్తారు? తన దగ్గర కథ లేదనే అనుకుంటారు. కాబట్టి కథ అడగకండి. యుద్ధం గురించి అసలే అడగకండి. ‘ఇది ఎవరు కుట్టినారు పెదనాన్నా?’ అని అడగండి.

ఈ ప్రశ్నలో గొప్పలు చెప్పుకోవాల్సిన పని లేదు, రహస్యం లేదు, చావు లేదు. బేస్ గేటు బయట టైలరు, అతని భాష, ఎంత తీసుకున్నాడు, ఎంతమంది కుట్టించుకున్నారు, బొమ్మ ఎవరు గీశారు, పైఆఫీసరు చూస్తే ఏమన్నాడు. ఒక్కో జవాబు ఇంకో మనిషిని వెంటబెట్టుకొస్తుంది. మూడోవాడి పేరు దగ్గర ఆయన కాసేపు ఆగిపోతే మీరూ ఆగండి. ఆ నిశ్శబ్దంలో ఫోన్ తీసి రికార్డింగ్ పెట్టారో, పెట్టె మళ్లీ మూసుకుంటుంది. బస్సులో తిరిగొచ్చేటప్పుడు, చంద్రగిరి దాటకముందే, విన్నది విన్నట్టు ఆయన మాటల్లోనే రాసుకోండి. ‘ఉండాది’ని ‘ఉంది’గా దిద్దొద్దు.

పెద్దమ్మగారిని మాత్రం వదలొద్దు. ఇలాంటి వాటిలో ఆడవాళ్ల జ్ఞాపకం వేరు. ఆయనకు స్క్వాడ్రన్ గుర్తుంటుంది, ఆవిడకు ఆ చొక్కా ఉతికిన రోజు గుర్తుంటుంది. ఎవరికి తెలుసు, ఆ దోమను కుట్టింది ఆవిడే కావచ్చు. వెనక్కి తిప్పి చూస్తే మీకే తెలిసిపోవచ్చు: రవికల చేతులకు వేసే గొలుసుకుట్టు, అదే ముడి.

ఇంకొకటి. వెళ్లేటప్పుడు మీ నలభైలో బాగా డబ్బు పోసి మోసపోయిన నకిలీ ప్యాచ్ ఒకటి జేబులో వేసుకెళ్లండి. కాఫీ తాగాక తీసి ఆయన చేతిలో పెట్టి, ఎంత పోశారో నిజం చెప్పండి. పడీపడీ నవ్వుతారు, ‘ఏమబ్బా, ఇంత తిక్కోడివా’ అంటారు. అననివ్వండి. పెట్టె తాళం ఎక్కడుందో పెద్దమ్మగారికి తెలుసు.